పరిశ్రమకు ఏ సూక్ష్మజీవి ఎంజైము తగును? పనిచేసే చోటునే కాక ఆగే చోటునూ చూసి ఎంచుకోవడం

పిండిపదార్థాన్ని చక్కెర పాకంగా మార్చే కర్మాగారానికైనా, నేసిన బట్టకు పట్టిన గంజిని వదిలించే అద్దకపు యూనిట్‌కైనా, చీజ్ తయారుచేసే డెయిరీకైనా ఎంజైముల (జీవులు తయారుచేసే, రసాయన మార్పులను వేగవంతం చేసే ప్రోటీన్ల) విషయంలో ఎదురయ్యే చిక్కు ఒకటే. ఒకే పని చేసే ఎంజైములు నాలుగైదు రకాలు దొరుకుతాయి. ఒకటి బ్యాక్టీరియా నుండి, మరొకటి బూజు నుండి, ఇంకొకటి ఈస్ట్ నుండి వస్తుంది; పేరు ఒకటే అయినా స్వభావాలు వేరు. పిండిపదార్థాన్ని విడగొట్టే ఆల్ఫా అమైలేజ్ అన్న ఒక్క పేరు కిందే 65 డిగ్రీల సెల్సియస్ దాటగానే చతికిలబడేదీ ఉంది, నీరు మరిగేంత వేడిలో కూడా పని సాగించేదీ ఉంది. ఈ రెండింటిలో మొదటిది నాసిరకమనీ రెండవది మేలురకమనీ అనుకుని కొన్నవారు చాలాసార్లు నష్టపోతారు.

ఈ ఎంపికలు కొత్తవి కావు. జొకిచి తకమినే 1894లో ఆస్పర్జిల్లస్ ఒరైజే అనే బూజు నుండి పిండిని విడగొట్టే ఎంజైమును తీసే పద్ధతికి అమెరికాలో పేటెంటు పొందాడు. ఆ తరువాత రెండు దశాబ్దాలు గడిచేసరికి బోయిడిన్, ఎఫ్రాంట్ అనే ఇద్దరు బాసిల్లస్ బ్యాక్టీరియా నుండి అదే పని చేసే ఎంజైమును తీసి బట్టల పరిశ్రమకు అందించారు. అప్పటి నుండి బూజు, బ్యాక్టీరియా అనే రెండు దారులు పక్కపక్కనే సాగుతూ వచ్చాయి. ఒకటి మరొకదాన్ని తొలగించలేకపోవడానికి కారణం, వాటి బలహీనతలు కూడా వేర్వేరు పనులకు అర్హతలు కావడమే.

ముందుగా చూడవలసినవి

మొదటిది వేడిమి, ఆమ్లత్వం. ఎంజైము అత్యధిక వేగంతో పనిచేసే వేడిమి, అది ఎక్కువసేపు చెడకుండా నిలిచే వేడిమి ఒకటి కావు. సాధారణంగా మొదటిది రెండవదానికంటే ఎక్కువగా ఉంటుంది. పది నిమిషాల పరీక్షలో 70 డిగ్రీల దగ్గర గొప్పగా కనిపించినది ఎనిమిది గంటల తొట్టిలో 55 డిగ్రీలకు మించి నిలవకపోవచ్చు. కనుక అమ్మకందారు చూపే వేగపు రేఖ ఒక్కటే చాలదు. మీ ప్రక్రియకు పట్టే వ్యవధి ముగిశాక ఎంత శక్తి మిగులుతుందో తెలిపే రేఖను కూడా అడగాలి.

రెండవది చుట్టూ ఉన్న ద్రవం. చాలా ఆల్ఫా అమైలేజ్‌లకు తమ ఆకృతిని నిలుపుకోవడానికి కాల్షియం కావాలి. నీటి కాఠిన్యాన్ని తగ్గించేందుకు కలిపే రసాయనాలు ఆ కాల్షియంను లాక్కుపోతాయి. తెల్లబరచే పెరాక్సైడ్, ప్రోటీన్లను తెంచే కొన్ని ప్రోటీయేజ్‌లను పాడుచేస్తుంది. ఉప్పు, ఆల్కహాలు, తలతన్యతను తగ్గించే పదార్థాలు కూడా తమ ప్రభావం చూపుతాయి.

మూడవది తోడుగా వచ్చే ఇతర ఎంజైములు. పరిశ్రమకు అమ్మే సరుకు దాదాపు ఎప్పుడూ మిశ్రమమే. కొనుగోలుదారు కోరనివి కూడా అందులో కొద్దిగా ఉంటాయి, అవి ఒక్కోసారి మేలు చేస్తాయి, ఒక్కోసారి సరుకును చెడగొడతాయి.

నాలుగవది, నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది, ఆపడం. పని పూర్తయ్యాక ఆ ఎంజైము ఏమవుతుంది? వేడితో చస్తుందా, కడిగితే పోతుందా, జల్లెడలోనే నిలిచిపోతుందా, లేక సరుకులో చేరి నెలల తరబడి తన పని తాను చేసుకుంటూ పోతుందా? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా కొన్న ఎంజైము ఎంత చురుకైనదైతే అంత ప్రమాదం.

ఇక ధర. యూనిట్లను బట్టి ధరలను పోల్చకూడదు. నిమిషానికి ఒక మైక్రోమోల్ పదార్థాన్ని మార్చే శక్తిని ఒక యూనిట్‌గా పరిగణించడం ప్రామాణికమే అయినా, ఆ కొలత ఏ వేడిమిలో, ఏ పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయిని తెలిపే కొలత) వద్ద, ఏ పదార్థంపై జరిగిందో ఒక్కో తయారీదారు ఒక్కో విధంగా నిర్ణయించుకుంటాడు. పోల్చవలసినది ఒక్కటే: మీ ముడిపదార్థంపై, మీ పరిస్థితుల్లో, మీరు కోరిన ఫలితం చేరడానికి టన్నుకు ఎంత సరుకు ఖర్చవుతుంది.

పిండిపదార్థం: అయిదు ఎంజైములు, అయిదు స్థానాలు

| ఎంజైము, మూలం | వేడిమి (డిగ్రీల సెల్సియస్, సుమారు) | పీహెచ్ (సుమారు) | తగిన పని |
|---|---|---|---|
| ఆల్ఫా అమైలేజ్, బాసిల్లస్ అమైలోలిక్విఫేసియన్స్ | 70 | 6 | బట్టల నుండి గంజి తీయడం, తక్కువ వేడిలో పిండిని పలుచన చేయడం |
| ఆల్ఫా అమైలేజ్, బాసిల్లస్ లైకెనిఫార్మిస్ | 90–95, కొద్దిసేపు 105 | 6 | పాకం, ఆల్కహాలు పరిశ్రమల్లో పిండిని ద్రవంగా మార్చడం |
| ఆల్ఫా అమైలేజ్, ఆస్పర్జిల్లస్ ఒరైజే | 50–55 | 5 | బ్రెడ్, మాల్టోజ్ (రెండు గ్లూకోజ్ అణువులు కలిసిన చక్కెర) పాకం |
| మాల్టోజ్‌నిచ్చే అమైలేజ్, జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ | 60–70 | 5 | బ్రెడ్ మెత్తదనాన్ని నిలపడం |
| గ్లూకోఅమైలేజ్, ఆస్పర్జిల్లస్ నైగర్ | 60 | 4.5 | గ్లూకోజ్ పాకం |

పాకం తయారీదారుకు లైకెనిఫార్మిస్ ఎంజైము దాదాపు తప్పనిసరి. పిండి రేణువులు పూర్తిగా విచ్చుకోవాలంటే 100 డిగ్రీలు దాటిన ఆవిరి కావాలి. ఆ వేడిలో ద్రవం చిక్కబడి గొట్టాల్లో గడ్డకట్టకుండా ఉండాలంటే, విచ్చుకుంటున్న క్షణంలోనే పొడవైన గొలుసులను తెంచే ఎంజైము అక్కడ ఉండాలి. సుమారు 105 డిగ్రీల వద్ద అయిదు నిమిషాలు, ఆ తరువాత 95 డిగ్రీల వద్ద గంట నుండి రెండు గంటలు అన్నది ఈ పరిశ్రమలో స్థిరపడిన పద్ధతి. పిమ్మట ద్రవాన్ని 60 డిగ్రీలకు చల్లార్చి, పీహెచ్‌ను 4.5 దగ్గరకు దించి, తెగిన గొలుసులను గ్లూకోజ్‌గా మార్చే గ్లూకోఅమైలేజ్ కలిపి ఒకటి నుండి మూడు రోజులు ఉంచుతారు.

ఫ్రక్టోజ్ పాకం వరకూ వెళ్ళదలచినవారు ఇక్కడే ఒక మెలికను గుర్తించాలి. గ్లూకోజ్‌ను ఫ్రక్టోజ్‌గా మార్చే గ్లూకోజ్ ఐసోమరేజ్‌కు పీహెచ్ 7.5 నుండి 8 వరకూ కావాలి. దానికి మెగ్నీషియం అవసరం, కాల్షియం మాత్రం శత్రువు. మొదటి అంకంలో అమైలేజ్‌ను కాపాడిన కాల్షియం మూడవ అంకంలో ఐసోమరేజ్‌ను నిలిపివేస్తుంది కనుక మధ్యలో దాన్ని తొలగించాలి. పీహెచ్‌ను దించి మళ్ళీ ఎత్తడం వల్ల పోగయ్యే లవణాలను కూడా అయాన్ మార్పిడి స్తంభాలే (లవణాలను పట్టుకునే రేణువులు నింపిన నిలువు గొట్టాలే) తీయాలి. కాబట్టి తక్కువ కాల్షియంతో, తక్కువ పీహెచ్ వద్ద నిలిచేలా మెరుగుపరచిన అమైలేజ్ కిలోకు ఎక్కువ ధర పలికినా, పెద్ద కర్మాగారానికి మొత్తం మీద చవకగా పడవచ్చు. గ్లూకోజ్ దగ్గరే ఆగిపోయే చిన్న యూనిట్‌కు ఆ అదనపు ఖర్చు అనవసరం.

బ్రెడ్ తయారీదారు విషయం దీనికి పూర్తిగా తలకిందులు. పిండిముద్ద పొంగే దశలో ఈస్ట్‌కు కొంత చక్కెర అందించడమే అక్కడ ఆల్ఫా అమైలేజ్ పని. పొయ్యిలో వేడి పెరిగి పిండి రేణువులు ఉబ్బి మెత్తబడే సమయానికి అది ఆగిపోవాలి. బూజు నుండి వచ్చిన ఎంజైము సరిగ్గా ఆ సమయానికే చెడిపోతుంది. పాకం పరిశ్రమ మెచ్చుకునే వేడినోర్చే ఎంజైము ఇక్కడ పడితే, ఉబ్బిన పిండిని చివరివరకూ నరుకుతూ పోయి బ్రెడ్‌ను లోపల జిగటగా, ముద్దగా మారుస్తుంది. మెత్తదనం రోజుల తరబడి నిలవాలని కోరేవారికి ఈ రెంటికీ మధ్యన ఉన్నది మాల్టోజ్‌నిచ్చే అమైలేజ్. అది పిండి ఉబ్బే దశలో చురుకుగా ఉండి గొలుసుల చివరల నుండి చిన్న ముక్కలను మాత్రమే కత్తిరించి, కాలడం ముగిసేలోగా తన శక్తిని పోగొట్టుకుంటుంది. రోజూ అమ్ముడుపోయే బ్రెడ్‌కు దాని అవసరం లేదు. దూరప్రాంతాలకు వెళ్ళి అలమరల్లో నిలిచే బ్రెడ్‌కు అది తగినది.

గంజి తీసే యూనిట్‌కు ఒక హెచ్చరిక చాలు: బట్టకు పట్టించినది పిండి గంజేనా అని ముందు అయోడిన్ చుక్కతో చూసుకోవాలి. నీలం రంగు రాకపోతే అది పాలీవినైల్ ఆల్కహాలు వంటి కృత్రిమ పదార్థం కావచ్చు. దానిపై ఎంత మేలురకం అమైలేజ్ పోసినా ప్రయోజనం శూన్యం.

పాలు: రెండు లాక్టేజ్‌లు, మూడు రెన్నెట్లు

లాక్టోజ్ (పాలలోని చక్కెర) లేని పాలకు, ఆ చక్కెరను విడగొట్టే ఈస్ట్ లాక్టేజ్ కావాలా, బూజు లాక్టేజ్ కావాలా అన్నదానికి జవాబు సులువే. క్లూవెరోమైసిస్ లాక్టిస్ అనే ఈస్ట్ నుండి వచ్చేది పీహెచ్ 6.5 నుండి 7 మధ్య, అంటే పాల సహజస్థితిలో పనిచేస్తుంది. శీతలీకరించిన పాలలో కూడా రాత్రంతా మెల్లగా పని సాగిస్తుంది. ఆస్పర్జిల్లస్ బూజుల నుండి వచ్చేది పీహెచ్ 4.5 దగ్గర మేలుగా ఉంటుంది కనుక పులిసిన విరుగుడు తేటకు, జీర్ణాశయపు ఆమ్లంలో పనిచేయవలసిన మాత్రలకు అదే సరైనది.

చిక్కంతా ఈస్ట్ లాక్టేజ్ తయారీలో ఉంది. అది కణం లోపల ఉండే ఎంజైము. కణాలను చీల్చితే తప్ప బయటికి రాదు. చీల్చినప్పుడు దానితోపాటు ప్రోటీయేజ్, ఆరైల్‌సల్ఫటేజ్ వంటివీ బయటపడతాయి. రెండు మూడు రోజుల్లో తాగేసే పాలలో వాటి ప్రభావం తెలియదు. అతివేడి పద్ధతిలో శుద్ధిచేసి, ఆ తరువాత ఎంజైమును కలిపి, నెలల తరబడి గది వేడిమిలో నిలువ ఉంచే పాలలో మాత్రం అవి చేదును, అసహ్యమైన వాసనను పుట్టిస్తాయి. అలాంటి తయారీదారు బాగా శుద్ధిచేసిన రకానికి ఎక్కువ ధర చెల్లించాలి, లేదా వేడిచేయడానికి ముందే ఎంజైము పని ముగించాలి. రెండవ దారి చవకే, కానీ విడివడిన చక్కెరల వల్ల వేడిలో పాలరంగు కొంచెం గోధుమవన్నెకు తిరుగుతుంది.

చీజ్ విషయం ఇంకా ఆసక్తికరం. పాలను విరగగొట్టడానికి దూడ పొట్ట నుండి తీసిన రెన్నెట్, రైజోమ్యూకర్ మీహై అనే బూజు ఎంజైము, దూడ కైమోసిన్ (రెన్నెట్‌లో పాలను విరిచే ప్రధాన ఎంజైము) జన్యువును సూక్ష్మజీవిలో చేర్చి పులియబెట్టి తీసిన కైమోసిన్ అనే మూడు ఎంపికలున్నాయి. ఈ మూడవది 1990లో అమెరికాలో అనుమతి పొందింది. ఆహారంలో వాడేందుకు అక్కడ అనుమతి పొందిన తొలి జన్యుమార్పిడి ఎంజైము అదే. పాలు విరగడానికి కప్పా కేసీన్‌లో (పాలలోని ఒక ప్రోటీన్‌లో) ఒకే ఒక బంధం, 105, 106 స్థానాల్లోని అమైనో ఆమ్లాల మధ్యనున్నది, తెగితే చాలు. కైమోసిన్ ఆ బంధాన్ని తెంచి, మిగతావాటి జోలికి తక్కువగా పోతుంది. బూజు ఎంజైముకు అంత నిగ్రహం లేదు. ఇతర బంధాలనూ తెంచుతుంది కనుక కొంత ప్రోటీను తేటలోకి పోయి దిగుబడి తగ్గుతుంది, నెలల తరబడి మాగబెట్టే చీజ్‌లో చేదు తలెత్తవచ్చు. వారాల్లోనే అమ్ముడుపోయే చీజ్‌కు అది పూర్తిగా సరిపోతుంది, ధరలోనూ అందుబాటులో ఉంటుంది.

అయితే బూజు ఎంజైముకు మరో లక్షణం ఉంది: వేడిని గట్టిగా తట్టుకుంటుంది. చీజ్ తీయగా మిగిలిన తేటను వేడిచేసి, ఎండబెట్టి పొడిగా అమ్మేవారికి ఇది తలనొప్పి. ఆ పొడిని పాలపదార్థాల్లో కలిపిన మరొక తయారీదారు దగ్గర పాలు విరిగిపోతాయి. అందుకే తయారీదారులు పెరాక్సైడ్ వంటి ఆక్సీకరణ రసాయనాలతో ఆ ఎంజైమును కావాలనే బలహీనపరచి, మామూలు పాశ్చురీకరణకే చెడిపోయే రకాన్ని విడిగా అమ్ముతారు. తేటను అమ్మే డెయిరీ ఈ బలహీనమైన రకాన్నే అడిగి తీసుకోవాలి.

బట్టలు, సబ్బులు

జీన్స్‌ను అగ్నిశిలలతో రుద్ది పాతబడినట్టు చేయడానికి బదులు నూలులోని సెల్యులోజ్‌ను తెంచే సెల్యులేజ్ వాడటం ఇప్పుడు సర్వసాధారణం. ట్రైకోడెర్మా రీసీ నుండి వచ్చే ఆమ్ల సెల్యులేజ్ పీహెచ్ 5 దగ్గర వేగంగా, చవకగా పని ముగిస్తుంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సాలమన్ దీవుల్లో సైనికుల నూలు గుడారాలను తినేస్తూ దొరికిన బూజు ఇదే కావడం వల్ల దాని దూకుడు ఆశ్చర్యం కలిగించదు. ఆ దూకుడు నూలు బలాన్నీ తగ్గించగలదు, ఊడిన నీలిరంగు తెల్లని పోగుల మీదికి తిరిగి అంటుకోవడం కూడా ఎక్కువ. హ్యూమికోలా ఇన్సోలెన్స్ నుండి వచ్చే తటస్థ సెల్యులేజ్ పీహెచ్ 6 నుండి 8 మధ్య మెల్లగా పనిచేస్తుంది, రంగు తిరిగి అంటడం తక్కువ. తెలుపు, నీలం తేడా స్పష్టంగా కనిపించవలసిన మేలురకం బట్టకు రెండవది, ముదురు రంగు మామూలు బట్టకు మొదటిది మంచిది. ఏది వాడినా చివర్లో పీహెచ్‌ను క్షారంవైపు పెంచి, వేడినీటితో దాన్ని పూర్తిగా చంపకపోతే గోదాములో ఉన్న బట్ట నెమ్మదిగా బలహీనపడుతుంది.

సబ్బుపొడి తయారీదారుకు ఆపడం సమస్య కాదు, నీటితోపాటే పోతుంది. అతని సమస్య అంతకుముందు, పెట్టెలో ఉన్నప్పుడు మొదలవుతుంది. బాసిల్లస్ జాతుల నుండి వచ్చే సబ్టిలిసిన్ అనే ప్రోటీయేజ్ క్షారంలో చక్కగా నిలుస్తుంది కానీ, దాని 222వ స్థానంలోని అమైనో ఆమ్లమైన మెథియోనిన్‌ను పెరాక్సైడ్ ఆక్సీకరిస్తే శక్తి పడిపోతుంది. ఆ ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చితే తట్టుకోగలదని 1985లో తేలింది. తెల్లబరచే రసాయనం ఉన్న పొడిలో మార్పుచేసిన రకాన్నే వాడాలి. అది లేని సబ్బు ద్రవంలో మామూలు రకం చాలు, అయితే అక్కడ ఎంజైములు ఒకదాన్నొకటి జీర్ణం చేసుకోకుండా ఆపే పదార్థం కలపాలి. కొవ్వు మరకలకు లైపేజ్ కావలసినవారు జన్యుమార్పిడి పట్ల తమ వైఖరిని ముందే తేల్చుకోవడం మంచిది, ఎందుకంటే 1988లో వచ్చిన తొలి సబ్బు లైపేజ్ నుండే ఈ రంగం థెర్మోమైసిస్ లనుగినోసస్ బూజు జన్యువును ఆస్పర్జిల్లస్ ఒరైజేలో పెట్టి పెంచే దారి పట్టింది.

విడిగానా, బంధించా, కణం మొత్తంగానా?

| రూపం | ఎప్పుడు తగును | ఇబ్బంది |
|---|---|---|
| ద్రవంలో కలిపే విడి ఎంజైము | చవకైనది, పెద్ద అణువులు లేదా ఘనపదార్థాలపై పని | ఒకసారికే పరిమితం, సరుకులో మిగిలిపోతుంది |
| రంధ్రాలున్న ఘన రేణువుల వంటి ఆధారానికి బంధించిన ఎంజైము | ఖరీదైనది, చిన్న అణువులు, శుభ్రమైన ద్రావణం | మొదటి ఖర్చు ఎక్కువ, మలినాలకు మూసుకుపోతుంది |
| ఎంజైమును కలిగిన మొత్తం కణాలు | బయటికి తీస్తే చెడిపోయే ఎంజైము | కణంలోని ఇతర ఎంజైములు, పదార్థం లోపలికి వెళ్ళడంలో ఆలస్యం |

పిండి, నూలు, తోలు వంటివాటికి మొదటి రూపం తప్ప గత్యంతరం లేదు. ఆధారపు రంధ్రాల్లోకి ఆ పెద్ద పదార్థాలు దూరలేవు. గ్లూకోజ్ వంటి చిన్న అణువైతే బంధించిన ఎంజైము స్తంభం గుండా ద్రవాన్ని నెలల తరబడి ప్రవహింపజేయవచ్చు, ఎంజైము సరుకులో చేరదు కనుక ఆపే సమస్యే పుట్టదు. స్తంభం శక్తి రోజురోజుకూ తగ్గుతుంది కాబట్టి ప్రవాహ వేగాన్ని తగ్గిస్తూ పోవాలి. వేర్వేరు వయసుల స్తంభాలను పక్కపక్కన నడిపితే మొత్తం ఉత్పత్తి నిలకడగా ఉంటుంది. ఒకే స్తంభం పెట్టగల చిన్న యూనిట్‌కు ఈ వెసులుబాటు లేదు. ఔషధ పరిశ్రమలో పెనిసిలిన్ జీ నుండి 6-అమైనోపెనిసిలానిక్ ఆమ్లం (ఇతర పెనిసిలిన్ మందుల తయారీకి మూలపదార్థం) తీయడానికి బంధించిన పెనిసిలిన్ ఎసైలేజ్ వాడటం ఈ దారికి అత్యుత్తమ ఉదాహరణ. పాత రసాయన పద్ధతికి సున్నాకు 40 డిగ్రీల దిగువ చల్లదనం, ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్, క్లోరిన్ ఉన్న ద్రావణులు కావలసివచ్చేవి; ఎంజైముకు గోరువెచ్చని నీరు చాలు.

మొత్తం కణాలకు అక్రిలమైడ్ (పాలిమర్ల తయారీకి వాడే రసాయనం) తయారీ మంచి నిదర్శనం. జపాన్‌లో 1985 నుండి అక్రిలోనైట్రైల్‌ను అక్రిలమైడ్‌గా మార్చే నైట్రైల్ హైడ్రటేజ్ ఉన్న బ్యాక్టీరియా కణాలతో ఈ తయారీ సాగుతోంది. తరువాత వచ్చిన రోడోకాకస్ రోడోక్రస్ జే1 అనే రకం దాన్ని మరింత లాభదాయకం చేసింది. ఆ ఎంజైమును విడిగా శుద్ధిచేస్తే ఖర్చు పెరిగి, నిలకడ తగ్గుతుంది. కణంలోనే ఉంచితే తక్కువ వేడిమిలో గాఢమైన అక్రిలమైడ్‌ను కూడా తట్టుకుంటుంది.

ఎవరు దేనిని ఎంచుకోవాలి

రసాయన ప్రయోగశాల లేని చిన్న యూనిట్ విడి ఎంజైమును, అదీ ద్రవరూపంలో లేదా పూత పూసిన గుళికల రూపంలో తీసుకోవాలి. పొడిని ఎంత తక్కువ ధరకు ఇచ్చినా వద్దనే అంటాను. 1960ల చివర సబ్బు కర్మాగారాల్లో ఎంజైము దుమ్ము పీల్చిన కార్మికులకు అలర్జీ, ఆస్తమా వచ్చిన తరువాతే పూత పూసిన గుళికలు పుట్టాయి. ఒకసారి అలర్జీ ఏర్పడితే ఆ మనిషి ఆ పనిలో ఉండలేడు. ద్రవాన్ని కూడా తుంపరలుగా చల్లకూడదు.

ఆహార తయారీదారు ముందుగా తన దేశపు అనుమతుల జాబితాను, ఆ తరువాత తోడు ఎంజైముల వివరాలను అడగాలి. చురుకుదనం మూడవ ప్రశ్న మాత్రమే. నిరంతరంగా నడిచే పెద్ద కర్మాగారానికి బంధించిన ఎంజైములు, వేడినోర్చే రకాలు లాభం. రోజుకొక ముడిపదార్థం మార్చేవారికి మాత్రం అవి గుదిబండ అవుతాయి. విశాలమైన పీహెచ్ పరిధిలో మధ్యస్థంగా పనిచేసే మిశ్రమమే అలాంటివారికి మేలు.

ఎవరైనా ఒప్పందానికి ముందు ఒక పరీక్ష చేసుకోవచ్చు. ఎంపికచేసిన రెండు మూడు నమూనాలను సొంత ముడిపదార్థంపై పూర్తి వ్యవధిపాటు నడిపి, మామూలుగా ఆపే పద్ధతిలోనే ఆపాలి. ఆపైన సిద్ధమైన సరుకులో కొంత భాగాన్ని వెంటనే, కొంత భాగాన్ని సరుకు నిలువ ఉండే కాలం ముగిశాక పరీక్షించాలి. రెండు ఫలితాల మధ్య చిక్కదనంలోనో, రుచిలోనో, నూలు బలంలోనో తేడా కనిపిస్తే ఆ ఎంజైము ఇంకా ఆగలేదన్నమాట. అప్పుడు ఆపే దశను కఠినం చేయాలి, లేదా దానికంటే త్వరగా చెడిపోయే రకానికి మారాలి. అదే పరీక్షను కొత్త దఫా సరుకు వచ్చినప్పుడల్లా చిన్న స్థాయిలో చేసి, ప్రతి దఫా నుండి ఒక సీసాను శీతల నిలువలో దాచి ఉంచితే, తరువాత సరఫరాదారుతో వివాదం వచ్చినప్పుడు పోల్చడానికి ఆధారం ఉంటుంది.